డ్యూటీకి పోయినవాళ్ళే చైనా

ఆ ఎండాకాలం బొగ్గుగని కాలనీలో మా క్వార్టరు వెనక వరండాలో నేలమీద ఒక మ్యాపు పరిచి ఉండేది. యూనియన్ ఎన్నికలప్పుడు వీధి మలుపులో కట్టిన ఫ్లెక్సీని, గెలిచినవాళ్ళు విప్పి పారేశాక, మా ఆయన రఘుపతి ఇంటికి తెచ్చాడు. దాన్ని వెనక్కి తిప్పి, ఆ తెల్లటి వైపున మా బిడ్డ సారలమ్మ మార్కరుతో ఏడువందల ఏళ్ళ కిందటి రాజ్యాలు గీసింది. పడమర గజనీ, ఉత్తరాన మంచుకొండలు, కింద సముద్రం, తూర్పున బర్మావాళ్ళ పగాన్. పగాన్ దాటేసరికి ఫ్లెక్సీ అయిపోయింది. చైనాకు చోటు మిగల్లేదు.

అసలు చిక్కంతా ఆ చోటుతోనే వచ్చింది. సారలమ్మ డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉండి, లాప్‌టాప్ మీద, హైదరాబాదులో ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి పని చేసేది. పాతకాలపు రాజ్యాల ఆట అది. ఆడేవాళ్ళు ఒక రాజ్యాన్ని ఎంచుకుని కోటలు కట్టాలి, పెళ్ళిళ్ళు కుదుర్చుకోవాలి, కప్పాలు కట్టాలి, యుద్ధాలు చేయాలి. అందులో చైనాను ఎట్లా చూపాలో తేల్చమని వాళ్ళు ఈమెకు అప్పగించారు. మ్యాపులో పెడితే, అంత జనం, అంత సైన్యం, మిగతా అందరినీ మింగేసి ఆట ముగించేస్తోంది. తీసేస్తే మోటుపల్లి రేవుకు పట్టు ఎక్కడినుంచి వచ్చినట్టు, మిగతా రేవుల్లో ఓడలు ఎవరికోసం ఆగినట్టు? పిల్లలకు సోషల్ చెప్పేదాన్ని కనుక, అట్లా తీసేస్తే నేను ఒప్పుకోనన్నాను. సారలమ్మ తెరమీద ఒక మూలన అంకె పెట్టి, అది పెరిగితే చైనా బాగున్నట్టు, తగ్గితే లేనట్టు చేసి చూసింది. అదీ తనకే నచ్చలేదు.

"ఎండ లెక్కనో, వాన లెక్కనో అయిపోయిందమ్మా. అక్కడ మనుషులున్నరు గద" అంది.

అందుకే ముందు నేలమీద ఆడి చూద్దామని మమ్మల్ని కూర్చోబెట్టింది. గవ్వలే పాచికలు. చొక్కా గుండీలు సైన్యాలు, ఎర్ర గుండీ దూత. ఆమెది ఓరుగల్లు, నాది దేవగిరి. ఎదురు లైనులో ఉండే రాయమల్లు, మా ఆయనతో పనిచేసేవాడు, తీరికున్నప్పుడు వచ్చి ఢిల్లీ ఆడేవాడు. చైనాను తన బాపుకు, అంటే మా ఆయనకు ఇచ్చింది.

రఘుపతి టింబర్‌మన్. గనిలో పైకప్పు దిగకుండా ఆసరాలు నిలబెట్టే పని. వారానికో షిఫ్టు. ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు టిఫిను అందుకుని లేచిపోయేవాడు. భూమిలోపలికి ఫోను అందదు. ఆయన వచ్చేదాకా ఆట ఆగిపోయేది. ఒకరోజు మాకు విసుగొచ్చి ఆయన లేకుండానే ఆడేశాం. ఢిల్లీ సైన్యం ఓరుగల్లు మీద పడింది, కోట చుట్టూ యుద్ధం జరిగింది, సంధి కూడా అయిపోయింది. అప్పుడొచ్చాడు. మెట్టుమీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటూ, పొద్దున తను చూసిపోయిన ఆటను తలచుకుని, ఓరుగల్లుకు సాయంగా గుర్రాలు పంపుతున్నానన్నాడు.

"అన్నా, లడాయి అయి శవాలు గూడ ఎత్తినంక గుర్రాలు పంపుతున్నవా" అని రాయమల్లు పడీపడీ నవ్వాడు.

నేనూ నవ్వాను. సారలమ్మ నవ్వలేదు. బొగ్గు పట్టిన ఆ బూట్లవంక కాసేపు చూసి, "గిదే. చైనా గిట్లనే ఉంటది" అంది.

ఆ సాయంత్రమే రూళ్ళు పెట్టింది. ఇంట్లో ఎవరు డ్యూటీకి పోతే వాళ్ళే చైనా. చైనా మ్యాపు మీద ఉండదు, ఫ్లెక్సీ అంచు అవతల గచ్చుమీద ఉంటుంది. ఏదన్నా కావలిస్తే అంచుదాకా ఎర్ర గుండీని పంపి అడగాలి. చైనా డ్యూటీకి పోయేముందు తన జవాబును గచ్చుమీద స్టీలు గ్లాసు కింద బోర్లించి పోతుంది. చింతగింజ ఉంటే ఒప్పుకున్నట్టు, బొగ్గుపెళ్ళ ఉంటే కాదన్నట్టు. అయితే దారి దూరం. అందుకని మ్యాపు మీద ఉన్నవాళ్ళందరూ తలా ఒక ఎత్తు వేశాకే గ్లాసు లేపాలి. ఆఖరి రూలు, జవాబు ఏదైనా సరే ఎందుకని అడగకూడదు. అక్కడ కరువు ఉందో, రాజు మంచం పట్టాడో, మ్యాపు మీద ఉన్నవాళ్ళకు తెలియదు.

రఘుపతి తన వంతుగా తూర్పు అంచు వెంబడి పెన్సిలుతో ఒక వరుస గడులు కొట్టి, అందులో ఎవరూ సైన్యం పెట్టొద్దన్నాడు. గనిలో మన హద్దు పక్కన పాత గని ఉంటే, అందులో నీళ్ళు నిండి ఉంటాయని, అటువైపు బొగ్గును గోడలాగా తవ్వకుండా వదిలేస్తారని చెప్పాడు.

"అవుతల ఎన్ని నీళ్ళున్నయో ఎవ్వలు చూడలే బిడ్డా. కానీ వాటిని యాది మరిచి పని చేసినోడు లేడు."

"మీ చైనా మా ఓవర్‌మన్ లెక్కనే ఉన్నదన్నా" అన్నాడు రాయమల్లు. "కనపడడు, పని మాత్రం చెప్తడు."

అట్లా సాగింది. బూట్లు మెట్టుమీద ఎట్లా పడ్డాయన్నదాన్ని బట్టి చైనా మనసు ఎట్లా ఉందో లెక్కగట్టేవాళ్ళం. నెమ్మదిగా పెడితే దూతను పంపేవాళ్ళం. విసిరితే ఆ పూట ఎర్ర గుండీని కదిపేవాళ్ళం కాదు.

ఆ ఆటను సారలమ్మ లాప్‌టాప్‌లోకి ఎక్కించి పంపితే, హైదరాబాదువాళ్ళు ఫోను చేసి, జూన్‌లో వచ్చి తమ దగ్గరే ఉద్యోగంలో చేరమన్నారు. ఆ సంగతి ఆమె అన్నం దగ్గర చెప్పింది. రఘుపతి పళ్ళెంలోంచి తలెత్తలేదు. ఆయన మనసులో వేరే లెక్క ఉంది. నడుము పనికి రాకుండా పోతోంది. పనికి పనికిరానని మెడికల్ బోర్డుకు అర్జీ పెట్టుకుని దిగిపోతే, తన ఉద్యోగం బిడ్డకు వస్తుంది. క్వార్టరు నిలుస్తుంది. ప్రైవేటు బడిలో నా జీతంతో బయట ఇల్లు తీసుకుని బతకడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. ఈ లైన్లలో ఏ ఇంట్లోనైనా బిడ్డకు కంపెనీ నౌకరి అంటే అంతకు మించిన మాట లేదు. దాన్ని కాదని, హైదరాబాదులో ఐదారుగురు పోరగాళ్ళు ఒక గదిలో పెట్టుకున్న కంపెనీలో బొమ్మల రాజ్యాలు గీస్తానంటే ఆయన ఏమనగలడు? ఔననలేదు, కాదనలేదు. తర్వాత సారలమ్మ రెండుసార్లు ఆ మాట ఎత్తింది. రెండుసార్లూ ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. దాంతో తండ్రీబిడ్డల మధ్య మాటలు తగ్గిపోయాయి. ఆట మాత్రం ఆగలేదు.

మే నెలలో ఒకరోజు పొద్దు వాలుతుండగా ఆయన మెట్టుమీద కూర్చుని బూట్లు నెమ్మదిగా విప్పి పక్కన పెట్టాడు. సారలమ్మ ఎర్ర గుండీని ఓరుగల్లులో ఎత్తి, గడి గడీ దాటించి, పెన్సిలు గీతల అవతల, ఫ్లెక్సీ అంచున పెట్టింది.

"ఏం కావాల్నట?" అన్నాడు ఆయన. అది చైనా ఎప్పుడూ అడిగే మాట.

"ఓరుగల్లు తన తొవ్వన తను పోతదట. సెలవియ్యాల్నట."

ఆయన మెట్టుమీద అట్లాగే కూర్చుని ఆ గుండీవంక చూస్తున్నాడు. నేను వంటింటి గడపలో నిలబడిపోయాను.

"కానుక ఏం తెచ్చిండ్రు?"

"ఇప్పుడేం లేదు బాపూ. పోయి, ఏదన్న సంపాయిస్తే అప్పుడు పంపుతం."

ఆయన మీసాల్లో నవ్వినట్టే అనిపించింది. "చూద్దాం. తొవ్వ దూరం గద" అని స్నానానికి లేచాడు.

మర్నాడు ఆయనది మొదటి షిఫ్టు. నేను లేచేసరికే వెళ్ళిపోయాడు. ఫ్లెక్సీ అంచున గచ్చుమీద గ్లాసు బోర్లించి ఉంది. సారలమ్మ పళ్ళు తోముకుంటూనే తన ఎత్తు వేసేసింది. రాయమల్లు వాళ్ళ ఊరికి, కాసిపేటకు పోయి ఉన్నాడు కనుక ఆ వారం ఢిల్లీ ఆటలో లేదు. ఇక నా ఎత్తు ఒక్కటే బాకీ.

"అమ్మా, ఒక్క గుండీ జరిపి పో" అంది.

సెలవుల్లో మా బడి మమ్మల్ని ఇంటింటికీ తిప్పేది, కొత్త పిల్లలను చేర్పించమని. ఎండ ముదరకముందే రెండు వీధులు తిరిగి రావాలని నా తొందర. వచ్చి ఆడుతానని గొడుగు తీసుకుని బయటపడ్డాను.

రెండు వీధులన్నది నాలుగై, పొద్దు వాలాక తిరిగి వచ్చేసరికి మా లైనులో చెప్పులు విడిచి ఉన్నాయి, చాలా జతలు. ఆయన డ్యూటీ దిగి బండి మీద వస్తూ, నీళ్ళ ట్యాంకు దగ్గర బండి పక్కకు ఆపి, నీడకు కూర్చున్నాడట. గుండె ఆగిపోయింది. పక్కవాళ్ళు దవాఖానకు తీసుకుపోయి, అట్నుంచి ఇంటికే తెచ్చారు. ముందుగదిలో పడుకోబెట్టారు. బూట్లు ఎవరో విప్పి, మెట్టుమీద జతగా పెట్టారు.

ఆ దినాల్లో ఇల్లు నిండా జనం. ఎండకు దాహమై అందరూ నీళ్ళడిగేవారు. పక్కింటి సారవ్వ వెనక వరండాలోకి పోయి, కనపడిన గ్లాసు తీయబోయింది.

"గా గ్లాసు ముట్టకవ్వా" అని సారలమ్మ అరిచింది. ఆ రోజుల్లో ఆమె గొంతు పెద్దది కావడం అదొక్కసారే.

"ఒక్క గ్లాసుకు గింత పంచాయితి ఏందే" అని సారవ్వ బిత్తరపోయి, నా ముఖం చూసి ఊరుకుంది.

ఆనాటినుంచి ఆ వరండా పని సారలమ్మ ఎవరికీ ఇవ్వలేదు. మా ఊళ్ళో దుమ్ము ఊరుకోదు. పొద్దున తుడిచిన గచ్చు మధ్యాహ్నానికే కాలికి నల్లగా అంటుతుంది. రోజూ లేవగానే ఫ్లెక్సీ మీది గుండీలు కదలకుండా చుట్టూ తడిబట్ట పెట్టేది. గుండీలన్నీ ఆ పొద్దున ఉన్నచోటే ఉన్నాయి. ఎర్ర గుండీ అంచున నిలబడి ఉంది.

పదకొండో రోజు దాటాక రాయమల్లు వచ్చి కూర్చున్నాడు. ఆ మెట్టువైపు చూడలేదు. సర్వీసులో ఉండగానే మనిషి పోయాడు కనుక ఇంట్లో ఒకరికి నౌకరి వస్తుందని, కాగితాలు పెట్టుకోవాలని, ఎవరూ చేరకపోతే క్వార్టరు ఖాళీ చేయాల్సి వస్తుందని చెప్పాడు. నేను చేద్దామంటే నా వయసు దాటిపోయింది. ఉన్నది బిడ్డ ఒక్కతే.

"జల్ది లేదు వదినె. బిడ్డ ఆలోచించుకోని చెప్పనీ" అన్నాడు. పోతూ పోతూ వరండాలోకి తొంగిచూసి, "అన్న జవాబు ఇంకా లేపలేదా" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

జూన్ దగ్గర పడింది. సారలమ్మ లాప్‌టాప్ తెరవడం లేదు. నేనే ఒక సాయంత్రం అన్నాను, హైదరాబాదుకు పొమ్మని. ఒక గది తీసుకుని నేను ఉండగలనని, బడి ఉండగా నాకు పొద్దు గడుస్తుందని.

"బాపు పొమ్మన్నడా?" అంది.

"వద్దనైతే అనలేదు గద."

"అన్నడో లేదో నీకేం తెలుసమ్మా."

"అయితే గ్లాసు లేపుదాం పా."

ఆమె నా కళ్ళలోకి చూడలేదు. "నువ్వు ఇంకా ఆడలేదు. నువ్వు ఆడినంకనే లేపాలె" అంది.

నేను పోయి ఫ్లెక్సీ ముందు కూర్చున్నాను. దేవగిరిలో ఒక నల్ల గుండీ. దాన్ని ఎటువైపైనా ఒక గడి జరిపితే చాలు. వేలు పెట్టాను. జరపలేకపోయాను. నేను ఆడనంతకాలం ఆయన జవాబు ఇంకా దారిలోనే ఉంది. దారిలో ఉన్నది వస్తుంది. ఆ గుండీని జరిపితే వచ్చేస్తుంది, వచ్చాక మరి ఆయన దగ్గరినుంచి రావలసింది ఇంకేమీ ఉండదు. వేలు తీసుకుని లేచాను.

మర్నాడు ఆమె ఫోనులో మాట్లాడుతుంటే వంటింట్లోకి వినపడింది. రానని చెప్పింది. అటువాళ్ళు కారణం అడిగినట్టున్నారు. ఇంట్లో పని ఉందంది. తర్వాత ఆట గురించి అడిగారు. అంచు అవతల చైనాలో ఏం జరుగుతున్నట్టు రాసుకోవాలని కాబోలు.

"ఏం రాయొద్దు సార్" అంది. "అక్కడ గూడ ఇల్లుంటది, పిల్లలుంటరు, నడుము నొప్పి ఉంటది. మ్యాపు మీద ఉన్నోళ్ళకు కనపడది. ఆలస్యంగ వచ్చే జవాబొక్కటే కనపడాలె. అట్లనే ఉంచుండ్రి."

కాగితాలు పెట్టింది. డాక్టరు పరీక్షలయ్యాయి, ఉత్తర్వు వచ్చింది. అప్పటికి రెండు వానలు పడ్డాయి. బడులు తెరిచారు.

చేరిన రోజు పొద్దున్నే లేచి, ఇల్లు తుడిచి, తలస్నానం చేసింది. గని పైన, స్టోర్సులో పని. బాపు టిఫిను డబ్బానే కావాలంది. అందులో అన్నం, పచ్చిపులుసు పెట్టాను. రాయమల్లు గేటు దగ్గర బండి ఆపుకుని నిలబడ్డాడు, మొదటి రోజు తనే తీసుకుపోతానని. బూట్లు కొత్తవి, కాళ్ళకు కరుస్తున్నాయంది. మెట్టుమీద కూర్చుని తాళ్ళు కట్టుకుంది. లేచి, "పోయొస్తనమ్మా" అని వెళ్ళిపోయింది.

నాకు బడికి ఇంకా వేళ ఉంది. ఇంట్లో చప్పుడు లేదు. వరండాలోకి పోయి కూర్చున్నాను. దేవగిరి గుండీని ఒక గడి జరిపాను. ఎటు జరిపానో కూడా చూసుకోలేదు. తర్వాత గ్లాసు లేపాను.

చింతగింజ.

పొమ్మన్నాడు. నోటితో చెప్పలేనిది, ఆ పొద్దున, మమ్మల్ని లేపకుండా, అక్కడ పెట్టి పోయాడు. నాకు అప్పుడు ఏడుపు వచ్చి ఉండాల్సింది. రాలేదు, ఎందుకంటే నా చేతికి తడి తగిలింది. గ్లాసు లోపలంతా సన్నటి నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. వరండా గచ్చు ఎప్పుడో ఆరిపోయింది. గ్లాసు ఉన్నంత మేర మాత్రం, గుండ్రంగా, తడిబట్ట పెట్టిన చెమ్మ ఇంకా ఆరలేదు. గింజ కూడా తడిగా, శుభ్రంగా ఉంది.

రోజూ లేపి తుడుస్తోంది. ఆ గచ్చుకు తడిబట్ట పెట్టిన మొదటి రోజే చూసి ఉంటుంది. బాపు సెలవిచ్చాడని తెలిసే హైదరాబాదుకు రానని చెప్పింది. తెలిసే కాగితాల మీద సంతకం పెట్టింది. నేను చూస్తే ఒక్కరోజు కూడా ఇంట్లో ఉండనివ్వనని తెలుసు కనుక, నువ్వింకా ఆడలేదమ్మా అని రూలు చెప్పింది.

గింజను కొంగున కట్టుకుని బడికి పోయాను. పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

సాయంత్రం ఆమె వచ్చి మెట్టుమీద కూర్చుంది. బూట్లు విప్పి, చేతికందినట్టు పక్కకు వేసింది. మడమల దగ్గర తోలు లేచిపోయింది. కొబ్బరినూనె తెచ్చి ఇచ్చాను. రాసుకుంటూ ఫ్లెక్సీవైపు చూసి, నా గుండీ జరిగి ఉండటం చూసి ఆగిపోయింది. గ్లాసు పక్కన నిలబెట్టి ఉండటమూ చూసింది. నేను అప్పటికే ఓరుగల్లు ఎర్ర గుండీని వెనక్కి పంపి, దేవగిరి దూతను అంచున పెట్టి ఉంచాను. ఎవరు డ్యూటీకి పోతే వాళ్ళే చైనా కదా.

కాసేపటికి సన్నగా అడిగింది. "ఏం కావాల్నట?"

"ఓరుగల్లును ఇడిసిపెట్టాల్నట. దేవగిరి ఒక్కతి ఉండగలదట."

ఆమె నూనె చేతులు చున్నీకి తుడుచుకుంది.

"కానుక ఏం తెచ్చిండ్రు?"

కొంగు ముడి విప్పి గింజను ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూడలేదు. పిడికిలి మూసుకుంది. ఇద్దరం ఆ మెట్టుమీదే, వానకు ముందటి ఉక్కలో, చాలాసేపు కూర్చున్నాం. ఆమె నా భుజానికి తల ఆనించింది. ఒంటినుంచి గ్రీజు వాసన, బొగ్గు వాసన. ఇంతకాలం ఆ వాసన ఇంట్లోకి తెచ్చిన మనిషి వేరు.

"జవాబు రేపిస్త" అంది. "తొవ్వ దూరం గదమ్మా."

మర్నాడు నేను లేచేసరికి వెళ్ళిపోయింది. గచ్చుమీద గ్లాసు బోర్లించి ఉంది. రాయమల్లు మళ్ళీ ఆటకు కూర్చోలేదు కనుక, మ్యాపు మీద మిగిలింది నేనొక్కదాన్నే. ఈసారి ఆలస్యం చేయలేదు. గుండీ ఒక గడి జరిపి గ్లాసు లేపాను.

బొగ్గుపెళ్ళ. చేతికి అంటకుండా కడిగి పెట్టింది.

దాన్ని తీసి కిటికీలో, ఆయన గడియారం పక్కన పెట్టాను. సాయంత్రం మెట్టుమీద బూట్ల చప్పుడు నెమ్మదిగా వినపడింది. మంచినీళ్ళు తీసుకుపోయి ఇచ్చాను. ఆమె తాగి, గ్లాసు నా చేతికిచ్చి, నా ముఖంలోకి చూసింది.

ఎందుకని నేను అడగలేదు.